సీబీఎస్‌ఈ టెన్త్ సోషల్ రివ్యూ: పుస్తకాలకి నాలుగు స్టార్లు, మార్కులేసే పద్ధతికి రెండు

ముందే చెప్తున్నా, ఇది స్కూల్ రివ్యూ కాదు, సబ్జెక్టు రివ్యూ. స్కూల్ పేరు అడక్కండి, చెప్పను, ఎందుకంటే కింద రాసే గొడవ ఆ ఒక్క స్కూల్‌ది కాదు, మా అపార్ట్‌మెంట్‌లో వేరే స్కూళ్లకి వెళ్లే పిల్లల్ని కదిపినా ఇదే పాట. మా అమ్మాయి 2025లో హైదరాబాద్‌లో సీబీఎస్‌ఈ టెన్త్ రాసింది, అదే ఏడాది వరంగల్‌లో మా ఆడపడుచు కొడుకు తెలంగాణ స్టేట్ సిలబస్‌లో టెన్త్ రాశాడు, సో రెండు రకాల సోషలూ ఒకేసారి మా ఇంట్లో నలిగాయి. తొమ్మిదిలోకో పదిలోకో పిల్లల్ని పంపబోయే వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. లెక్కల గురించీ సైన్స్ గురించీ అందరూ అడుగుతారు, సోషల్ గురించి ఎవరూ అడగరు, చదివితే అదే వచ్చేస్తుందిలే అంటారు, సరిగ్గా అక్కడే మార్కులు పోతాయి.

ముందు సరుకు ఏంటో చూద్దాం. పేరుకి సబ్జెక్టు ఒకటే, సోషల్ సైన్స్. పుస్తకాలు మాత్రం నాలుగు, హిస్టరీ, జాగ్రఫీ, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, అన్నీ ఎన్‌సీఈఆర్‌టీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వేసినవే. బోర్డు పేపర్ ఒకటే, 80 మార్కులు, మూడు గంటలు. మిగతా 20 స్కూల్ వాళ్ల చేతిలో. ఆ ఇరవైని మళ్లీ ఐదైదుగా కోశారు, పీరియాడిక్ టెస్టులకి 5, మల్టిపుల్ అసెస్‌మెంట్ అని 5, పోర్ట్‌ఫోలియోకి (పిల్లల పనులు దాచే ఫైలు) 5, సబ్జెక్ట్ ఎన్‌రిచ్‌మెంట్ అని ఇంకో 5. ఈ పేర్లు కాస్త గుర్తుపెట్టుకోండి, పేరెంట్స్ మీటింగ్‌లో టీచర్లు వీటిని గబగబా చదివేస్తారు, మనం తలూపి వచ్చేస్తాం, తర్వాత మార్కులెక్కడ ఎలా వచ్చాయో అర్థం కాదు.

పుస్తకాల సంగతికొస్తే నాకు నిజంగా నచ్చాయి. మా రోజుల్లో సోషల్ అంటే అశోకుడు చెట్లు నాటించెను, బావులు తవ్వించెను, అయిపోయె. ఇందులో హిస్టరీ మొదటి పాఠమే 1848లో ఫ్రెడరిక్ సొర్యూ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు వేసిన బొమ్మతో మొదలవుతుంది, దేశదేశాల జనం బారులు తీరి స్వేచ్ఛాదేవత విగ్రహం ముందునుంచి నడిచి వెళ్తుంటారు. మొదట్లో పిల్లలకి ఇదేంట్రా బాబూ ఇటలీ జర్మనీ ఎలా ఒకటయ్యాయో మనకెందుకు అనిపిస్తుంది, మా అమ్మాయి కూడా నెలరోజులు అదే గొణుక్కుంది. రెండో పాఠం మన జాతీయోద్యమం, అందులో గూడెం కొండల్లో అల్లూరి సీతారామరాజు గురించి ఒక పేరా ఉంది, గాంధీజీని పొగుడుతూ, ఖద్దరు కట్టండి, తాగుడు మానండి అని చెప్తూనే, స్వతంత్రం మాత్రం బలప్రయోగంతోనే వస్తుంది అన్నాడని రాశారు. మనం సినిమాల్లో చూసిన అల్లూరి వేరు, ఇక్కడ కనిపించే మనిషి వేరు. మా అమ్మాయి ఆ పేరా చదివి, ఇంతకీ ఈయన గాంధీగారి వైపా కాదా అమ్మా అని నన్నడిగింది, నాకు వెంటనే జవాబు తోచలేదు, రాత్రి అన్నాలు తినేటప్పుడు మా ఆయనా అదీ దానిమీదే వాదించుకున్నారు.

ఎకనామిక్స్ పుస్తకం సన్నగా ఉంటుంది గానీ నా ఓటు దానికే. అభివృద్ధి అంటే తలసరి ఆదాయం ఒక్కటేనా అని మొదలుపెట్టి హర్యానా, కేరళ, బీహార్ అంకెలు పక్కపక్కన పెడతారు, హర్యానాలో డబ్బు ఎక్కువ, కేరళలో పసిపిల్లల మరణాలు తక్కువ, మరి ఎవరు ముందున్నట్టు అని పిల్లల్నే అడుగుతారు. పెద్దవాళ్లు కూడా ఒకసారి చదవొచ్చు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. 2023లో సిలబస్ తగ్గిస్తున్నాం అని పొలిటికల్ సైన్స్‌లోంచి ప్రజా ఉద్యమాల పాఠం తీసేశారు, నేపాల్ ఉద్యమం, బొలీవియాలో నీళ్ల కోసం జనం చేసిన పోరాటం అందులోనే ఉండేవి, పోయాయి. ఉన్నవాటిలో కొన్ని పాతబడ్డాయి. గ్లోబలైజేషన్ పాఠంలో ఫోర్డ్ కంపెనీ 1995లో వచ్చి 1,700 కోట్లు పెట్టి చెన్నై దగ్గర ఫ్యాక్టరీ కట్టింది అని ఉదాహరణ ఇచ్చారు. ఆ ఫోర్డే 2021లో ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నాం అని ప్రకటించింది కదా. అదే టైంలో మన పెనుకొండ దగ్గర కియా వాళ్లు 2019 నుంచి కార్లు తయారుచేస్తున్నారు. ఒకడెందుకొచ్చాడు, ఒకడెందుకు పోయాడు అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు, పాఠం మొత్తం లేచి కూర్చుంటుంది. టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి వెయ్యండి.

ఇక నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం, ఇంటర్‌డిసిప్లినరీ ప్రాజెక్ట్, పిల్లలు ఐడీపీ అంటారు. ఐడియా చూస్తే ముచ్చటేస్తుంది. గ్లోబలైజేషన్ అనే ఒకే విషయం మూడు పుస్తకాల్లో మూడు చోట్ల ఉంది, హిస్టరీలో ప్రపంచ వ్యాపారం ఎలా పెరిగిందో, జాగ్రఫీలో రోడ్లు రైళ్లు ఓడరేవులు, ఎకనామిక్స్‌లో పెద్ద పెద్ద విదేశీ కంపెనీలు, డబ్ల్యూటీవో అంటే ప్రపంచ వాణిజ్య సంస్థ. ఈ మూడూ కలిపి పిల్లలు గ్రూపుగా ఒక ప్రాజెక్ట్ చెయ్యాలి, మల్టిపుల్ అసెస్‌మెంట్ కింద దానికి 5 మార్కులు. దానికోసం పాఠాల్ని నిలువునా చీల్చారు. హిస్టరీలో సిల్క్ రూట్లు, కొలంబస్ తర్వాత అమెరికా నుంచి వచ్చిన పంటలు, యూరప్ వాళ్లు అక్కడికి మోసుకెళ్లిన మశూచి, ఇంతవరకూ బోర్డు పరీక్షకి, పంతొమ్మిదో శతాబ్దం నుంచి బ్రెటన్ వుడ్స్ (1944లో దేశాలు డబ్బు వ్యవహారాల మీద చేసుకున్న ఒప్పందం) దాకా ప్రాజెక్టుకి. జాగ్రఫీ పాఠంలో మ్యాప్ పాయింటింగ్ మాత్రమే బోర్డుకి, మిగతాదంతా ప్రాజెక్టుకి. ఎకనామిక్స్‌లో గ్లోబలైజేషన్ అంటే ఏంటి, ఎందుకొచ్చింది అన్నవి బోర్డుకి, చైనా బొమ్మలూ డబ్ల్యూటీవో ప్రాజెక్టుకి.

ఇప్పుడు ఆలోచించండి, ఆ పంతొమ్మిదో శతాబ్దం ముక్కలోనే మన దేశం నుంచి కూలీలతో అగ్రిమెంట్లు రాయించుకుని ట్రినిడాడ్‌కీ మారిషస్‌కీ ఫిజీకీ ఓడలెక్కించిన కథ ఉంది. మారిషస్‌లో ఇవాళ్టికీ తెలుగువాళ్లు ఉన్నారంటే ఆ ఓడల పుణ్యమే. ఆ పేజీలు బోర్డు పరీక్షలో రావు. రావు అంటే మన స్కూళ్లలో ఏమవుతుందో మీకు చెప్పాలా, 'దిస్ పార్ట్ ఓన్లీ ఫర్ ప్రాజెక్ట్' అని పెన్సిల్‌తో గీత కొట్టించి ముందుకెళ్లిపోయారు.

మా అమ్మాయి గ్రూపులో ఆరుగురు. మాది గుంటూరు, ఆ పంటల లిస్టులో బంగాళాదుంప, వేరుశనగ, మొక్కజొన్న, టమాటా పక్కన మిరపకాయ చూసేసరికి దీనికి నిద్రపట్టలేదు, మిరపకాయ మనది కాదా అమ్మా అని. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉన్న మా బాబాయి కొడుక్కి ఫోన్ చేసి మావయ్యా మావయ్యా అని బుర్ర తినేసింది. వాడికీ హుషారొచ్చింది, తేజ రకం బాగా చైనాకి పోతుందని, అక్కడ దాన్నుంచి ఘాటూ రంగూ పిండుకుంటారని, వాళ్లు కొనడం తగ్గిస్తే ఇక్కడ యార్డులో రేటు పడిపోతుందని, రైతులు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని రేటు కోసం ఎదురుచూస్తారని, మొత్తం చెప్పాడు. ఇది ఫోన్ స్పీకర్‌లో పెట్టి వింటూనే రఫ్ నోట్‌బుక్‌లో బాణాలు గీసింది, మెక్సికో, పోర్చుగీసు ఓడలు, గోవా, అక్కణ్ణుంచి గుంటూరు యార్డు, నేషనల్ హైవే 16, చెన్నై పోర్టు, చైనా. చైనా దగ్గర్నుంచి వెనక్కి ఎర్ర పెన్నుతో ఒక గీత, దానిమీద 'రేటు' అని. ఒక్క పేజీలో మూడు పుస్తకాలూ వచ్చేశాయి, నేనైతే ఆ పేజీ ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టా.

టీచర్ చూసి బాగుందమ్మా కానీ ఫార్మాట్‌లో లేదు అన్నారట. ఫార్మాట్ అంటే కవర్ పేజీ, సర్టిఫికెట్, అక్నాలెడ్జ్‌మెంట్, ఇండెక్స్, చివర బిబ్లియోగ్రఫీ, స్పైరల్ బైండింగ్. గ్రూపులో మిగతా ఐదుగురిలో ముగ్గురు ఫోన్ ఎత్తలేదు, ఇంకొకమ్మాయి మా అమ్మాయితో పాటు కూర్చుని పాపం కష్టపడింది, ఇంకొకడు చాట్‌జీపీటీలోంచి ఒక కట్ట పేజీలు తీసి పంపాడు, దాంట్లో గుంటూరూ లేదు మిరపకాయా లేదు, గ్లోబలైజేషన్ హ్యాజ్ మెనీ అడ్వాంటేజెస్ అండ్ డిసడ్వాంటేజెస్. గడువు నెత్తిమీదకొచ్చింది కాబట్టి అవే కలర్ ప్రింట్లు తీయించి మిరపకాయ బొమ్మని మధ్యలో ఒక మూల ఇరికించి ఇచ్చేశారు. మా కాలనీ జెరాక్స్ షాపతను దీంట్లో ఆరితేరిపోయాడు, సోషల్ ఐడీపీయా మేడం, కవర్ బ్లూనా గ్రీనా అని అడుగుతాడు, సర్టిఫికెట్ పేజీ అతని కంప్యూటర్లో రెడీగా ఉంటుంది, స్కూల్ పేరు మార్చుకోవడమే.

మార్కులు? ఆరుగురికీ ఐదుకి ఐదు. ఫోన్ ఎత్తనివాళ్లకి కూడా.

బోర్డు వాళ్లు మార్కులు ఎలా వెయ్యాలో చెప్పకుండా వదిలెయ్యలేదు, అదీ బాధ. పరిశోధనకి 1, కలిసి పనిచెయ్యడానికీ మాట్లాడటానికీ 1, ప్రెజెంటేషన్‌కి 1, సొంత ఆలోచన, విశ్లేషణ, నాలుగు విషయాలు కలిపి చూడటం లాంటివాటికి 2. కాగితం మీద చూస్తే చక్కగా ఉంది, ఆ చివరి రెండు మార్కులు సరిగ్గా ఆ బాణాల బొమ్మ కోసమే పెట్టినట్టు ఉంది. కానీ స్కూల్ ఎందుకు కోస్తుందండీ, ఒక మార్కు తగ్గిస్తే మర్నాడు పేరెంట్ వచ్చి ప్రిన్సిపల్ రూం ముందు కూర్చుంటాడు, పక్క స్కూల్ అందరికీ ఇరవైకి ఇరవై వేస్తుంటే మనం పంతొమ్మిది వేస్తే మన పిల్లలకే నష్టం అంటారు, అదీ నిజమే. టీచర్లని కూడా పూర్తిగా అనలేం, ఒక్కొక్కరికీ నాలుగైదు సెక్షన్లు, అన్ని ఫైళ్లు ఎవరు చదువుతారు, చాలావాటికి కవర్ పేజీ మీద టిక్కు తప్ప లోపల పెన్ను పడినట్టు లేదు. ఈ ఐదూ కాక సబ్జెక్ట్ ఎన్‌రిచ్‌మెంట్ కింద ఇంకో ప్రాజెక్ట్ ఉంటుంది, వినియోగదారుల హక్కులు, సామాజిక సమస్యలు, సుస్థిర అభివృద్ధి, మూడింట్లో ఒకటి. దాని సంగతి రాయను, పైన రాసిందే మళ్లీ చదువుకోండి.

స్టేట్ సిలబస్‌లో బాగుంటుందేమో అనుకోకండి. తెలంగాణ టెన్త్ సోషల్ నిజానికి ఇంకా బాగా కలిపి రాసిన పుస్తకం, నాలుగు సబ్జెక్టులూ ఒకే పుస్తకంలో, శంషాబాద్ ఎయిర్‌పోర్టు చుట్టూ ఊళ్లు ఎలా మారాయి, చెరుకు కొట్టడానికి వలసపోయే కూలీల సంగతి, తెలంగాణ ఉద్యమం, అన్నీ ఉంటాయి. అక్కడా 80-20నే, ఇరవై కోసం ఏడాదిలో నాలుగు ఎఫ్‌ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు) పెడతారు, రాతపనులు, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు అని. మా ఆడపడుచు కొడుకు క్లాసులో ఎవరికీ ఇరవై తప్ప ఇంకో అంకె పడలేదట. 2024 నవంబర్లో ప్రభుత్వం ఇంటర్నల్స్ తీసేస్తున్నాం, ఇక 100 మార్కుల పేపరే అని ఆర్డర్ ఇచ్చింది, విద్యా సంవత్సరం మధ్యలో ఇదేంటని గోల అయ్యేసరికి వెంటనే ఈ ఏడాదికి పాత 80-20నే అన్నారు. మా ఆడపడుచుకి ఆ రెండ్రోజులు బీపీ పెరిగింది.

సరే, ప్రాజెక్టు అలా పోయింది, 80 మార్కుల పేపర్లోనైనా ఈ కలిపి ఆలోచించడం పనికొస్తుందా? మా అమ్మాయి బ్యాచ్‌కి పేపర్ ఇలా, 20 ఎంసీక్యూలు, రెండు మార్కులవి 4, మూడు మార్కులవి 5, ఐదు మార్కులవి 4, ఒక పేరా ఇచ్చి దానిమీద అడిగే నాలుగు మార్కులవి 3, మ్యాప్ 5. రెండు పుస్తకాల్ని కలిపి అడిగిన ప్రశ్న నాకైతే ఒక్కటీ కనపడలేదు. పైగా 2026 బ్యాచ్ నుంచి పేపర్‌నే నాలుగు సెక్షన్లు చేశారు, హిస్టరీ, జాగ్రఫీ, పొలిటికల్ సైన్స్, ఎకనామిక్స్, తలా 20 మార్కులు, జవాబులు కూడా ఏ సెక్షన్‌వి ఆ సెక్షన్‌లోనే రాయాలి. దిద్దేవాళ్లకి సులువే, కాదనను. కానీ ఒక చేత్తో ఇంటర్‌డిసిప్లినరీ అంటూ ఇంకో చేత్తో గోడలు కట్టడం ఏంటో నాకు బోధపడలేదు.

జవాబులు రాసే పద్ధతి గురించి కొత్తవాళ్లకి ఒక మాట. ఐదు మార్కులంటే ఐదు పాయింట్లు, విడివిడిగా, కీవర్డ్ కింద గీత. బోర్డు వాళ్లు ప్రతి ఏడాదీ శాంపిల్ పేపరూ, దాని మార్కింగ్ స్కీమూ సైట్‌లో పెడతారు, అది తీసి చూడండి, చాలా జవాబుల కింద చివర్లో 'సంబంధం ఉన్న వేరే ఏ పాయింట్ అయినా' అన్న అర్థంలో ఒక లైన్ ఉంటుంది. అంటే పిల్లలు పుస్తకంలో లేని మంచి మాట రాసినా మార్కు వెయ్యొచ్చు. ఈ లైన్ గురించి మా స్కూల్లో ఎవరూ పిల్లలకి చెప్పలేదు, పుస్తకంలో ఉన్న వాక్యమే రాయండి, సొంత తెలివి వద్దు అని మాత్రం క్లాసులో గట్టిగా చెప్పారు.

మ్యాప్ మాత్రం సూపర్. 5 మార్కులు, రెండు హిస్టరీవి, మూడు జాగ్రఫీవి, ఏ ఊళ్లు అడుగుతారో లిస్టు ముందే ఇస్తారు. దండి, చౌరీచౌరా, చంపారన్, నాగార్జునసాగర్, తుంగభద్ర, రామగుండం, విశాఖ పోర్టు, హైదరాబాద్ ఎయిర్‌పోర్టు, అన్నీ అందులోవే. రోజూ పది నిమిషాలు ఖాళీ మ్యాపు మీద పెట్టిస్తే ఐదుకి ఐదు ఖాయం. నా కంప్లైంట్ ఒక్కటే, ఉక్కు ఫ్యాక్టరీల లిస్టులో దుర్గాపూర్, బొకారో, జంషెడ్‌పూర్, భిలాయ్, విజయనగర్, సేలం ఉన్నాయి, మన విశాఖ ఉక్కు లేదు. అంత ఉద్యమం చేసి, ప్రాణాలు పోగొట్టుకుని తెచ్చుకున్న ఫ్యాక్టరీ, లిస్టులో ఒక చుక్కకి కూడా నోచుకోలేదా.

ఇప్పుడు గ్రేడ్. ఇది చాలామందికి తెలీదు, తెలిసేసరికి రిజల్ట్ వచ్చేస్తుంది. తెలంగాణలో 91 నుంచి ఏ1, 81 నుంచి 90 ఏ2, ఇలా కిందికి, గీతలు ఎక్కడున్నాయో అందరికీ తెలుసు. సీబీఎస్‌ఈలో అలా కాదు. ఆ సబ్జెక్టు పాసైన పిల్లలందర్నీ మార్కుల వరుసలో నిలబెట్టి ఎనిమిది భాగాలు చేస్తారు, పై ఎనిమిదో వంతుకి ఏ1, తర్వాత ఎనిమిదో వంతుకి ఏ2, అలా. మా అమ్మాయికి 91 వచ్చింది, గ్రేడ్ ఏ2. మావాడికి వరంగల్‌లో అవే 91, గ్రేడ్ ఏ1. మా అత్తగారు ఇద్దరి మెమోలూ పక్కపక్కన పెట్టి చూసి, వాడే బాగా చదివాడన్నమాట అనేసింది, ఇది ఆ రోజంతా ముఖం మాడ్చుకుంది. ఆవిడకి ఎలా చెప్పాలి, దేశం మొత్తం పిల్లల్లో నీ స్థానం ఎక్కడ అని చెప్పేది ఒకటి, నీకెన్ని మార్కులొచ్చాయి అని చెప్పేది ఇంకోటి అని. ఇందులో ఇంటర్నల్ ఇరవై అందరికీ ఇరవయ్యే కాబట్టి వరుసలో ఎవరు ముందు ఎవరు వెనక అనేది చివరికి ఆ 80లోనే తేలుతుంది, ప్రాజెక్టులో ఎంత బుర్రపెట్టినా దానివల్ల ఒక్క మెట్టు కూడా పైకి ఎక్కరు.

మార్కులు తక్కువనిపిస్తే జవాబు పేపర్ కాపీ తెప్పించుకోవచ్చు, ఫీజు కట్టి (2025లో ప్రశ్నకి 100 రూపాయలు) మళ్లీ దిద్దించుకోవచ్చు. 2026 నుంచి అయితే ఇంకో సౌకర్యం, మూడు సబ్జెక్టుల దాకా మేలో రెండోసారి రాసుకోవచ్చు, సోషల్ కూడా అందులో ఉంది. కానీ ఇంటర్నల్స్ మాత్రం ఒక్కసారే, అవి మారవు.

సీబీఎస్‌ఈ తీసుకోవాలా వద్దా అంటే, పిల్లకి చదవడం ఇష్టమైతే తీసుకోండి, పుస్తకాలు ఆ ఖర్చుకి పదింతలు విలువ, పీడీఎఫ్‌లైతే ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లో ఫ్రీ. అడ్మిషన్‌కి వెళ్లినప్పుడు ఏసీ క్లాస్‌రూముల గురించి కాకుండా పోయినేడాది ఐడీపీ ఫైళ్లు రెండు చూపించమని అడగండి, లోపలి పేజీల్లో టీచర్ ఏమైనా రాశారా, రెండు ఫైళ్లూ ఒకేలా ఉన్నాయా అని తిప్పి చూడండి, చూపించడానికి నసిగితే మీకు సంగతి అర్థమైపోతుంది. తొమ్మిదో తరగతిలో పిల్లలున్నవాళ్లు ఇప్పుడే అడగండి, మా అమ్మాయి టైంలో అక్కడా ఐడీపీ ఉండేది, హిస్టరీలో అడవుల పాఠాన్నీ జాగ్రఫీలో చెట్లు, జంతువుల పాఠాన్నీ కలిపి చేయించేవాళ్లు. ఇంక గైడ్లంటారా, స్కూల్ వాళ్లు లిస్టులో రాసిచ్చినవి మేం రెండు కొన్నాం, ఒకటి అసలు తెరవలేదు. ఖాళీ మ్యాపుల కట్ట ఒకటి కొనండి చాలు, అదొక్కటే పూర్తిగా వాడింది.